సగం పెన్షన్ గ్యారంటీ ఇస్తామంటే ఇంకా పాత పెన్షనే కావాలంటారేంది?

కావలి మాస్టారు:
నిన్న ఒక పెళ్ళిలో మా స్కూలు కుర్ర టీచర్లు భోజనాల దగ్గర కూడా పెన్షన్ గోలే, మాకొచ్చిన పాత పెన్షనే తమకీ కావాలని. కేంద్రం తన ఉద్యోగులకి 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) పెట్టింది. మన ఆంధ్ర రాష్ట్రం 2023లో జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్ పథకం) చట్టం చేసింది. రెండింట్లోనూ బేసిక్‌లో సగం పెన్షన్, పైన డీఆర్ (ధరలను బట్టి పెరిగే కరువు భృతి). నాకు పాత పద్ధతిలో వచ్చేదీ సగమే కదా. మరి ఈ పట్టుదల దేనికి?

కందుకూరు లెక్కలు:
దేంట్లో సగం మాస్టారూ? మీకు చివరి నెల బేసిక్‌లో సగం. యూపీఎస్‌లో చివరి 12 నెలల సగటులో సగం. ఆర్నెల్లు 78,000, ఆర్నెల్లు 80,000 ఉన్నాయనుకోండి. సగటు 79,000, పెన్షన్ 39,500. పాత లెక్కలో 40,000. తేడా ఉంది.

కావలి మాస్టారు:
500 తేడా. దానికోసమా ధర్నాలు? జీపీఎస్‌లో చివరి బేసిక్కే అంటున్నారుగా.

కందుకూరు లెక్కలు:
500 అని తీసిపారేయకండి. దాని మీద డీఆర్ పడుతుంది. బతికున్నంత కాలం పడుతుంది.

పెన్నా ఒడ్డు:
ఇద్దరూ 500 దగ్గరే తెల్లారేదాకా కూర్చుంటారు. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

పొదిలి 2003:
సగటు సంగతి పక్కన పెట్టండన్నా. మాస్టారూ, మీ జీతంలోంచి పెన్షన్ కోసం ఎప్పుడైనా రూపాయి కట్ అయిందా? జీపీఎఫ్ (ఉద్యోగి పొదుపు నిధి) కట్ అయింది, అది మీ డబ్బే, వడ్డీతో సహా మీ చేతికొచ్చింది. నాకు ప్రతి నెలా బేసిక్, డీఏ కలిపి పదో వంతు పోతుంది. మొదటి జీతం నుంచీ పోతుంది. జీపీఎస్ అన్నా యూపీఎస్ అన్నా ఆ కటింగు ఆగదు. ఇరవై ఏళ్ళుగా నేను కట్టి, మీకు ఊరికే వచ్చిన సగాన్ని తీసుకోవాలి. దాన్ని ‘ఒకటే’ అంటున్నారు మీరు.

ఇంకొకటి. మీరు రిటైరయ్యాక కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి) తీసుకున్నారు కదా? మా ఊళ్ళో రిటైరైన ప్రతి మాస్టారి ఇంటి పైఅంతస్తూ కమ్యుటేషన్ డబ్బే. యూపీఎస్‌లో అది లేదు. ప్రతి ఆర్నెల్ల సర్వీసుకీ నెల జీతంలో పదో వంతు చొప్పున ఒకసారి ఇస్తారు. 30 ఏళ్ళు చేస్తే ఆరు నెలల జీతం. గ్రాట్యుటీ వేరు.

కావలి మాస్టారు:
కమ్యుటేషన్ తీసుకున్నా. పైఅంతస్తు కాదు, అమ్మాయి పెళ్ళి. పదిహేనేళ్ళు పెన్షన్‌లో కోత పడుతుంది, అదీ చెప్పు.

రొయ్యల ప్లాంటు:
సార్లూ, మధ్యలో వస్తున్నా. నేను ఇరవై ఏళ్ళుగా రొయ్యల ప్లాంటులో చేస్తున్నా. మాకు ఈపీఎస్ (ప్రైవేటు ఉద్యోగుల పీఎఫ్ పెన్షన్). గరిష్ఠంగా 15,000 మీద లెక్క కట్టి సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. నాకు 58 ఏళ్ళకి వచ్చేది కొన్ని వేలే. డీఆర్ లేదు. కనీస పెన్షన్ 2014 నుంచి 1,000 దగ్గరే ఉంది. మీరు 40,000 గురించి కొట్టుకుంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పొదిలి 2003:
అన్నా, నీది అన్యాయమే. దానికి సమాధానం నీకు పెంచడం, నాది తగ్గించడం కాదు.

కావలి మాస్టారు:
పెంచడానికి డబ్బు ఎక్కడిది? జీతాలూ పెన్షన్లూ పోగా రోడ్డుకి ఏం మిగులుతుంది? హిమాచల్ 2023లో పాత పెన్షన్‌కి వెళ్ళింది, అంతకుముందు ఉద్యోగుల పేరిట కట్టిన డబ్బు కేంద్రం వెనక్కివ్వదని గొడవ. ప్రభుత్వ ఉద్యోగం ఉంది, సగం గ్యారంటీ అంటున్నారు. తీసుకుని సంతోషించరాదా అబ్బాయ్?

పొదిలి 2003:
‘సంతోషించు’ అనే మాట మీ నోట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాది డీఎస్సీ (టీచర్ల నియామకం) 2003. నోటిఫికేషన్ 2003లో. పోస్టింగ్ 2005లో. మధ్యలో 2004 సెప్టెంబర్ 1 గీత గీశారు, ఆ తర్వాత చేరినవాళ్ళందరికీ సీపీఎస్ (మన జీతంలోంచీ కట్టాల్సిన పెన్షన్, ఇంతని గ్యారంటీ లేదు) అని జీవో 653. ఆలస్యం చేసింది ఎవరు? నేనా? కేంద్రం 2023 మార్చిలో, 2003 డిసెంబర్ 22కి ముందు నోటిఫై అయిన పోస్టుల వాళ్ళకి పాత పెన్షన్ ఆప్షన్ ఇచ్చింది. మేమింకా అర్జీలు పట్టుకుని తిరుగుతున్నాం. 2019 ఎన్నికల ముందు జగన్ వారంలో సీపీఎస్ రద్దు చేస్తానన్నారు, నాలుగేళ్ళకి జీపీఎస్ వచ్చింది.

వాళ్ళ మీద కన్నా నాకు మీ మీద కోపం మాస్టారూ. 2004లో సంఘాల్లో ఉన్నదెవరు? మీరే. ఆ జీవో వచ్చినప్పుడు ఒక్కరోజు పెన్‌డౌన్ చేశారా? మేం చేరాక సంఘం చందా పుస్తకం పట్టుకుని వచ్చింది కూడా మీరే.

పెన్నా ఒడ్డు:
పాప్‌కార్న్ పక్కన పెట్టేశా.

కందుకూరు లెక్కలు:
కానీ సగటు విషయానికొస్తే...

పొదిలి 2003:
లెక్కలన్నా, దణ్ణం పెడతా.

కావలి మాస్టారు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నా. నేను అప్పుడు సంఘం మండల శాఖలో ఉన్నా. స్టాఫ్ రూమ్‌లో జీవో కాపీ చేతులు మారింది. అందులో మాకు ముఖ్యమైంది ఒక్కటే వాక్యం: ఇప్పుడున్నవాళ్ళకి వర్తించదు. అది చదివాక కాగితం మడిచి హాజరు పట్టీలో పెట్టి బెల్లు కొట్టగానే క్లాసుకి పోయాం. చేరబోయేవాళ్ళు ఇంకా చేరలేదు, ఎవరి తరఫున అడగాలి అనుకున్నాం. ఇదీ నిజం.

అయినా ఒక మాట. డబ్బు ఎక్కడిది అని అడిగినందుకు నన్ను కోప్పడ్డావు. ఆ ప్రశ్న నేను నా పెన్షన్ గురించి ఎప్పుడూ వేసుకోలేదు. నీ దాని గురించే వేశా.

పొదిలి 2003:
మీరు చదువు చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను మాస్టారూ. తొమ్మిదో తరగతి. అందుకే కడుపు మండింది. ఆదివారం కావలి వస్తా, మా డీఎస్సీ బ్యాచ్ అర్జీ మీద మీ సంతకం కావాలి. రిటైరైనవాళ్ళ సంతకం ఒక్కటీ లేదు దాని మీద.

కావలి మాస్టారు:
పెన్ను తెచ్చుకో. నా దాంట్లో ఇంకు ఉండదు.

ఉలవపాడు మామిడి:
ఇప్పుడే చూశా ఈ చర్చ. మా బావ కేంద్ర ఉద్యోగి, రిటైరయ్యేనాటికి 19 ఏళ్ళ సర్వీసే ఉంటుంది. యూపీఎస్‌లో సగం వస్తుందా?

కందుకూరు లెక్కలు:
రాదు. సగానికి 25 ఏళ్ళు నిండాలి. పదేళ్ళు దాటితే సర్వీసును బట్టి ఇస్తారు, కనీసం 10,000. మీ బావకి 38 శాతం. అదీ చివరి 12 నెలల సగటు మీద.