హెడ్‌లైట్లు వేస్తే వేడి మీటరు ముల్లు ఎందుకు లేస్తోంది?

నమస్కారం. మాది మిర్యాలగూడ. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండేళ్లుగా ఒక చిన్న కారు తయారు చేసుకుంటున్నాను. పాత మారుతి 800 ఇంజను, ఇనుప పైపుల ఫ్రేము, పైన ఫైబర్‌గ్లాస్ బాడీ. ఇంజను చక్కగా నడుస్తోంది, మీటర్లే ఏడిపిస్తున్నాయి.

పెట్రోలు మీటరుది తలకిందుల వ్యవహారం. ట్యాంకు నింపితే ముల్లు ఖాళీ గీత దగ్గరికి దిగుతుంది, ఖాళీ అయితే నిండు గీత దాటిపోతుంది. ట్యాంకులో పెట్రోలు మట్టాన్ని బట్టి లేచి దిగే ఫ్లోటు నిరోధాన్ని (రెసిస్టెన్స్) మల్టీమీటరుతో కొలిచాను: కిందికి ఉంటే 10 ఓమ్‌లు, పైకెత్తితే 180. మీటరు పెట్టె మీద మాత్రం ఖాళీకి 240, నిండుకు 33 అని ఉంది. జత కుదరలేదని అర్థమైంది. ఫ్లోటు మార్చాలంటే ట్యాంకు మళ్లీ దించాలి, దాన్ని బిగించడానికే ఒక ఆదివారం మొత్తం పోయింది. మీటరునే మార్చడం మేలా?

రెండోది ఇంకా చిత్రం. హెడ్‌లైట్లు వేయగానే ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది, ఆపగానే దిగుతుంది. మొదటిసారి నిజమేనని భయపడి బండి పక్కకు తీశాను. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు కాబట్టి లైట్లకూ మీటర్లకూ కలిపి ఒకే ఎర్త్ తీగను (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే తీగ) ఫ్రేముకు బిగించాను. బోల్టు కింద పెయింటు గీకలేదు. తప్పు అక్కడేనా? మీటర్లకు వేరే తీగ నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు లాగాలా, పెయింటు గీకి బిగిస్తే సరిపోతుందా? చేసి చూసినవారు చెప్పగలరు.