నార్త్ వేల్స్ కోటలు, సముద్రం: అమ్మానాన్నలతో మూడు రోజులు ఎలా తిరగాలి?

నడకదారి:
మే చివర్లో అమ్మానాన్న మా దగ్గరికి వస్తున్నారు. మేం ఉండేది బర్మింగ్‌హామ్‌లో. మూడు రోజులు సెలవు పెట్టి నార్త్ వేల్స్ తీసుకెళ్దామని ఉంది. నాన్న సివిల్ ఇంజనీరుగా రిటైరయ్యారు, పాత రాతికట్టడం కనబడితే అక్కణ్నుంచి కదలరు. అమ్మ చదును నేల మీద ఎంతైనా నడుస్తుంది కానీ మోకాళ్ల నొప్పి, మెట్లంటే టెన్షన్. కాన్వీ, కర్నార్వన్, బోమారిస్, హార్లెక్ కోటలు నాలుగూ చూడాలా, ఏదైనా వదిలేయొచ్చా? కారు తీసుకోవాలా, రైలు సరిపోతుందా?

మెనాయ్ గట్టు:
నేను మెనాయ్ జలసంధి పక్కనే ఉంటానండి. మా ఇంటికొచ్చే చుట్టాలందరినీ ఈ కోటలకు తిప్పేది నేనే. మూడు రోజుల్లో నాలుగూ చూడొచ్చు. కానీ ప్రతి కోటనూ లోపలికి వెళ్లకముందు నీటివైపు నుంచి చూడండి, లేకపోతే అసలు సంగతి అర్థం కాదు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో వేల్స్‌ను గెలిచాక వీటిని నీటి అంచునే కట్టించాడు. చుట్టూ ఉన్న కొండలు, దారులు వెల్ష్ జనానివి. వాళ్లు తిరగబడితే తిండిగింజలు రావాల్సింది ఓడలోనే. 1294లో అదే జరిగింది. వెల్ష్ నాయకుడు మాడోగ్ లేవదీసిన తిరుగుబాటులో హార్లెక్‌కు నేల దారి మూసుకుపోతే ఐర్లండ్ నుంచి సముద్రం మీద సరుకులు వచ్చి కోట నిలబడింది. ఈ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పండి, తర్వాత ఆయనే మీకు వివరిస్తారు.

ఆ తిరుగుబాటు వల్లే 1295లో బోమారిస్ మొదలైంది. నాలుగింట్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. డబ్బు చాలక పూర్తి కాలేదు, బురుజులు పొట్టిగానే ఆగిపోయాయి. అయినా గోడ లోపల గోడ, ఎటు చూసినా ఒకే కొలత. నీళ్లతో నిండిన కందకం, ఓడ వచ్చి ఆగే రేవు గోడకు ఆనుకునే ఉంటాయి. చదును నేల కాబట్టి అమ్మగారికి ఇదే సుఖం. గోడల పైకి ఎక్కకపోయినా చాలా చూసినట్టే. బయటికొస్తే జలసంధి, అవతల కొండలు.

కర్నార్వన్‌లో 2023 నుంచి రాజద్వారం దగ్గర లిఫ్ట్ ఉంది, అమ్మగారు కూడా పైకి వెళ్లొచ్చు. అక్కడి బురుజులు గుండ్రంగా కాక పలకలు పలకలుగా ఉంటాయి, అవీ, రంగురాళ్ల చారలు నాన్నగారు దగ్గరగా చూడాలి. కాన్వీ బురుజుల్లో మాత్రం అన్నీ ఇరుకు మెలిమెట్లే. నాన్నగారు ఎక్కుతుంటే మీరిద్దరూ కింద రేవులో నడవండి. కోట పక్కనే ఇంజనీరు టెల్ఫర్డ్ కట్టిన 1826 నాటి వేలాడే వంతెన, దాని పక్కన ఇంకో ఇంజనీరు స్టీఫెన్‌సన్ కట్టిన ఇనుప గొట్టం వంతెన ఉన్నాయి. ఆ గొట్టంలోంచి ఇప్పటికీ రైళ్లు వెళ్తున్నాయి. ఒక సివిల్ ఇంజనీరుకు అక్కడే పూట గడిచిపోతుంది, తొందరపెట్టకండి.

రైలుకిటికీ:
బోమారిస్‌కు రైలు లేదు, కర్నార్వన్‌కు మెయిన్ లైన్ లేదు, రెండిటికీ బాంగర్ నుంచి బస్సు. అమ్మగారి కోసం కారే మేలు. అయినా ఒక పూట కారు పోర్త్‌మాడోగ్‌లో వదిలేసి, రైల్లో హార్లెక్ మీదుగా బార్మత్ వరకు వెళ్లండి. బార్మత్ దగ్గర నదీముఖం మీద 1867 నాటి కర్రవంతెన ఉంది. రైలు దాటే వంతెన మీదే పక్కన కాలిబాట కూడా ఉంది. దారంతా చదునే, ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండలు. అమ్మగారితో ఇది తప్పకుండా నడవండి.

హార్లెక్ కొండరాతి మీద ఉంటుంది, సముద్రం ఇప్పుడు దూరం జరిగిపోయింది. ఒకప్పుడు ఓడల సరుకు దిగిన నీటిద్వారం మాత్రం కింద ఉంది, పైకి 108 మెట్లు. స్టేషన్ దిగువన ఉంది, ఎక్కుడు చాలా నిటారు, కాబట్టి అమ్మగారితో టాక్సీలో ఊరివైపు నుంచి వెళ్లండి. అటువైపు 2015లో కట్టిన వంతెన మీదుగా నేరుగా ద్వారంలోకి వెళ్లొచ్చు.

కొండగాలి:
పై జవాబులన్నీ బాగున్నాయి కానీ క్రికియెత్ కోటను ఎవరూ చెప్పలేదు, అది నాకు బాధగా ఉంది. మీరు రాసిన నాలుగూ గెలిచినవాళ్లు కట్టినవి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన గుట్ట మీది క్రికియెత్ మాత్రం వెల్ష్ రాజు లెవెలిన్ ఆప్ యోర్వెర్త్ మొదలుపెట్టింది. తర్వాత ఎడ్వర్డ్ చేతికి వెళ్లింది. 1404లో ఇంగ్లిష్ పాలన మీద తిరగబడిన వెల్ష్ నాయకుడు ఒవైన్ గ్లిన్‌దూర్ పట్టుకుని తగలబెట్టాడు. పోర్త్‌మాడోగ్‌కు దగ్గరే. ఓడినవాళ్ల వైపు నుంచి కూడా ఒక్క గోడ చూడకుండా వెనక్కి వెళ్లకండి. గుట్ట ఎక్కుడు చిన్నదే కానీ నిటారు, అమ్మగారు కింద సముద్రం ఒడ్డున కూర్చోవచ్చు.

నడకదారి:
అందరికీ చాలా థాంక్స్. మొదటి రోజు కాన్వీ, రెండో రోజు బోమారిస్, కర్నార్వన్, మూడో రోజు క్రికియెత్, రైల్లో హార్లెక్, బార్మత్ అనుకుంటున్నాం. మొదటి రోజు సాయంత్రం లాన్‌డడ్నో ఊళ్లో గ్రేట్ ఓర్మ్ కొండ మీదికి వెళ్లే ట్రామ్ ఎక్కొచ్చా? అమ్మకు ఇబ్బంది ఉండదు కదా?

మెనాయ్ గట్టు:
ఎక్కండి. 1902 నుంచి తాడు లాగుతూ నడుస్తున్న ట్రామ్ అది, 207 మీటర్ల ఎత్తున్న ఆ కొండ శిఖరం దగ్గర దింపుతుంది. కాన్వీ నుంచి ఎక్కువ దూరం కాదు. సగం దారిలో దిగి ఇంకో ట్రామ్ మారాలి, అమ్మగారికి ముందే చెప్పండి. పైన గాలి గట్టిగా వీస్తుంది, మే నెల అని శాలువా మానేయొద్దు. కిందికి వచ్చే ఆఖరి ట్రామ్ ఎన్నింటికో టికెట్ కొనేటప్పుడే అడగండి.