అప్‌డేట్: సైకోపీజీ2 ఎట్టకేలకు ఎక్కింది

మొన్న అడిగాను కదా, ఉబుంటు 22.04లో పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) సైకోపీజీ2 (పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే లైబ్రరీ) వేస్తుంటే 'పీజీ_కాన్ఫిగ్ దొరకలేదు' అని ఆగిపోతోందని. మీరు చెప్పినట్టే లిబ్‌పీక్యూ-డెవ్ (పోస్ట్‌గ్రెస్‌తో కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్ల ప్యాకేజీ) వేశాను, ఆ ఎర్రర్ పోయింది. వెంటనే ఇంకోటి: 'పైథాన్.హెచ్' అనే హెడర్ ఫైల్ (కంపైల్ చేయడానికి కావాల్సింది) లేదట! పైథాన్3-డెవ్ కూడా వేశాను, అయినా అదే పాట.

రాత్రి అమీర్‌పేట హాస్టల్లో అందరూ పడుకున్నాక ఎర్రర్‌ని పైనుంచి లైను లైనుగా చదివాను. జీసీసీ (సీ కంపైలర్) కమాండ్‌లో, హెడర్లు ఎక్కడ వెతకాలో చెప్పే 'హైఫన్ ఐ' పక్కన ఉన్న ఫోల్డర్ పేరు పైథాన్3.11. నా వెన్వ్ (ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే పైథాన్ సెటప్) ఆ వెర్షన్‌తోనే చేశాను. కానీ పైథాన్3-డెవ్ తెచ్చేది ఉబుంటు సొంత 3.10 హెడర్లు! పైథాన్3.11-డెవ్ వేయగానే నిమిషంలో కంపైల్ అయిపోయింది.

'ఎర్రర్‌లో చివరి లైను ఒక్కటే కాదు, మొత్తం చూడు తమ్ముడూ' అని చెప్పిన అన్నకి నిజంగా చాలా థ్యాంక్స్.