జపనీస్ విషాద గీతాలు: ఆడగొంతుకు అసలు కీయే మేలా, దించుకోవాలా?

వేణువు:
ప్రశ్న ఒక్కటే. నలుగురు కూర్చున్న కరోకే గదిలో ఆడవాళ్లు జపనీస్ విషాద గీతం ఎంచుకునేటప్పుడు అసలు కీలో (గాయని పాడిన శ్రుతిలో) గొంతుకు అందే పాటే తీసుకోవాలా, నచ్చిన పాట తీసుకుని కీ దించుకోవాలా? దించితే పాటలోని ఏడుపు పోతుందని కొందరు. దించకపోతే ఏడ్చేది వినేవాళ్లని కొందరు. ఉటాడా హికారు 'ఫస్ట్ లవ్' (1999), మీసియా 'ఎవ్రీథింగ్' (2000), నకాషిమా మికా 'యుకి నో హనా' (2003), ఎప్పుడూ ఈ మూడింటి దగ్గరే గొడవ. మెట్ల లెక్కతో చెప్పండి, 'ఫీల్ ముఖ్యం' అని వదిలేయకండి.

మూడున్నర శ్రుతి:
దించండి. అందులో నామోషీ ఏముంది? జపాన్‌లో 1992 నుంచి కరోకే పాటలు ఫోన్ లైన్ల మీద వస్తున్నాయి. గదిలో మోగేది గాయని రికార్డు కాదు, యంత్రం అప్పటికప్పుడు వాయించే వాద్యాలు. కీ ఎంత మార్చినా వేగం మారదు. ఆ బటన్ పెట్టిందే వాడుకోవడానికి.

ఒక్క నొక్కుకు అర స్వరం, అదే ఒక మెట్టు. 'ఫస్ట్ లవ్' చివరి సాబీ (పాటలో గొంతు పైకెళ్లి మళ్లీ మళ్లీ వచ్చే ముఖ్య భాగాన్ని జపనీయులు అలా అంటారు) అర స్వరం పైకి జరుగుతుంది. మొదటి సాబీ అందింది కదా అని అసలు కీలో మొదలుపెట్టినవాళ్లు బోల్తా పడేది అక్కడే. మైనస్ 2 (రెండు మెట్లు కిందికి) పెట్టారనుకోండి, చివరి సాబీ అసలు పాట మొదటి సాబీ కంటే ఒక మెట్టు కిందే ఉంటుంది. కాబట్టి పరీక్ష చివరి సాబీతో చేయాలి, మొదటిదానితో కాదు. అందులో పై స్వరాన్ని మూడుసార్లు వరుసగా పాడి చూడండి. మూడోసారి గడ్డం పైకి లేస్తోందా, ఇంకో మెట్టు దించండి.

సాబీ దాకా ఆగండి:
పైకప్పు గురించి చెప్పారు, నేల సంగతి? ఈ పాటల్లో ఏ-మెలో, అంటే మొదటి చరణం, దాదాపు మాట్లాడే గొంతులో కిందుగా నడుస్తుంది. 'యుకి నో హనా'ను సాబీ కోసమని నాలుగు మెట్లు దించి చూడండి. మొదటి నాలుగు పంక్తులు మైకు పట్టుకోదు, పియానో కింద మాటలు గొణుగుడైపోతాయి. అప్పుడు మైకు వాల్యూమ్ పెంచుతారు, సాబీ వచ్చేసరికి హౌలింగ్, అంటే స్పీకరు కీచుమంటుంది. తప్పు మైకుది కాదు, కీది.

పైగా ఈ పాటల్లో దుఃఖం ఉండేది గొంతు విరిగే చోటే. ఛాతీ గొంతు (మాట్లాడే బరువైన గొంతు) నుంచి తల గొంతుకు (పల్చటి పై గొంతుకు) మారే ఆ సందు సాబీలో సరైన మాట మీద పడాలి. మరీ దించితే అంతా ఛాతీ గొంతులోనే గట్టిగా వచ్చేస్తుంది. వినడానికి ప్రకటన చదివినట్టుంటుంది. నా లెక్కలో రెండు మెట్లు హద్దు. మూడో మెట్టు కావాల్సి వస్తే పాట మార్చండి.

మూడున్నర శ్రుతి:
రెండే హద్దంటే ఒప్పుకోను. గొంతు విరిగే చోటు మనిషి మనిషికీ వేరు. గాయనికి ఏ స్వరం మీద విరుగుతుందో మనకు నాలుగు మెట్ల కింద విరగొచ్చు. అలాంటప్పుడు నాలుగు దించితేనే ఆ సందు సరైన మాట మీద పడుతుంది. మీ వాదనే నా వాదన.

నేల సంగతి మాత్రం నిజమే. ఏ-మెలోలో మైకును పెదవులకు మూడు వేళ్ల దూరంలో పట్టుకుని, సాబీలో జానెడు దూరం జరపండి. మైకు తలను పిడికిలితో మూయకండి, హౌలింగ్‌కు సగం కారణం అదే. ఎకో పెంచితే హల్లులు కరిగిపోతాయి. మెల్లటి పాటల్లో హల్లే ప్రాణం.

ఒసాకా గోడమీద పిల్లి:
మీరిద్దరూ గొంతు దగ్గరే ఆగిపోయారు. అర్థం తెలియకుండా 'ఎమోషనల్' అని పాట ఎంచుకుంటేనే అసలు ప్రమాదం. ఇషికావా సయూరి 'అమాగి-గోయె' (1986) రాగం విని ప్రేమ పాట అనుకుంటారు. నిన్ను ఇంకొకరికి వదిలే కంటే చంపేస్తాననే ఆడమనిషి గోడు అది. ఆఫీసు విందులో పాడొచ్చు, జపనీయులు చప్పట్లు కొడతారు కూడా. తెలిసి పాడటం వేరు, తెలియక పాడటం వేరు. 'హనామిజుకి' (2004) మామూలు ప్రేమ పాటలా వినిపిస్తుంది, కానీ హితోతో యో దాన్ని రాసింది 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత. దాన్ని తీపిగా, వయ్యారంగా లాగితే చెడుతుంది. 'నాదా సోసో' మాటలు మోరియామా ర్యోకో చనిపోయిన తన అన్నను తలచుకుని రాసినవి. బాణీ బిగిన్ బృందానిది. నత్సుకావా రిమి పాడిన 2001 రూపమే అందరికీ తెలుసు. పేరు జపాన్ దక్షిణ దీవి ఒకినావా మాట, కన్నీళ్లు జలజలా రాలడమని. వీడ్కోలు సభలో నప్పుతుంది, పుట్టినరోజున వద్దు. పెళ్లి కబురున్న చోట నకాజిమా మియుకి 'ఇతో' పాడండి, అది అక్కడ పాడే పాటే.

వేణువు:
తెలుగు గొంతులకు వీటిలో ఏది తేలిక?

నాగోయా తెలుగు:
పలుకు విషయంలో మనకు కలిసొచ్చేది చాలా ఉంది, ఎవరూ చెప్పరెందుకో. జపనీస్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా మనలాగే ఖచ్చితం. ద్విత్వం ఉంది, 'కిట్టె' అంటే తపాలా బిళ్ళ, 'కిటె' అంటే రా. 'త్సు' అనేది 'చుక్క'లోని దంత్య చకారానికి బాగా దగ్గర. మన సున్న లాంటి 'న్'కు మాత్రం పాటలో చాలాచోట్ల సొంతంగా ఒక స్వరం ఇస్తారు. దాన్ని ముందు అక్షరంలో కలిపేస్తే ఒక స్వరం మిగిలిపోతుంది, అక్కణ్ణుంచి పంక్తంతా తెర మీద రంగు మారే అక్షరాల కంటే ముందుకు పరిగెడుతుంది. లయ తప్పిందని గొంతును తిట్టుకుంటారు, తప్పింది సున్న.

ఊపిరి ఇంకోటి. నామవాచకానికీ 'వ', 'గ', 'ఓ', 'ని' లకూ మధ్య ఊపిరి తీయకండి. 'ఊరి... కి' అన్నట్టుంటుంది. ఆ ప్రత్యయం అయ్యాకే తీయండి.

మెత్తటి గొంతుకు తెరెసా తెంగ్ 'టోకి నో నగారె ని మి ఓ మకాసె' (1986). మాట్లాడే గొంతుకు దగ్గరగా సాగుతుంది, అరుపు అక్కర్లేదు. దాని బాణీ కట్టిన మికి తకాషియే 1977లో 'త్సుగారు కైక్యో ఫుయుగెషికి'కీ కట్టారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, ఒకటి గుసగుస, ఇంకోటి చలిగాలిలో కేక.

సాబీ దాకా ఆగండి:
ఆ రెండోదానిలో కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకు లాభం ఉందంటారా? ఎంకా అనే పాతకాలపు బాణీ జపనీస్ పాటల్లో 'కొబుషి' అని ఒకే అచ్చు మీద గొంతును చటుక్కున తిప్పుతారు, గమకానికి చుట్టమే.

నాగోయా తెలుగు:
ఎంకాలో లాభమే, కాకపోతే కొబుషి పొట్టిది, ఒక్క మెలిక. మనవాళ్లు మూడు మెలికలు వేస్తారు. అదే అలవాటు 'యుకి నో హనా'లోకి తెస్తే నష్టం. నిలకడగా ఆపాల్సిన స్వరం ఊగుతుంది, స్కోరింగ్ తెర మీద స్వరం గీత తప్పుతుంది. డ్యామ్ అనే కరోకే యంత్రాల్లో మార్కులు వేసే 'సెయిమిత్సు సైతెన్' కొబుషినీ వైబ్రాటోనూ (స్వరాన్ని ఊపడాన్ని) లెక్కపెడుతుంది నిజమే, వాటికంటే ముందు చూసేది స్వరం సరిగ్గా తగిలిందా అని. ముందు స్వరాన్ని తిన్నగా పట్టి, ఆఖరి మూడో వంతులో మాత్రం కొద్దిగా ఊపండి.

ఒసాకా గోడమీద పిల్లి:
మగవాళ్ల పాటలు ఎవరూ ఎత్తలేదే? హిరాయి కెన్ 'హితోమి ఓ తోజితె' (2004) ఆడవాళ్లు చాలామంది పాడతారు. మామూలు మగ పాటకు ప్లస్ 4 లేదా 5 పెడితే ఆడగొంతుకు నప్పుతుంది. ఈయన గొంతే పైన తిరుగుతుంది కనుక ప్లస్ 2తో మొదలుపెట్టండి. ఇక్కడ మాత్రం దించే పక్షంవాళ్ల సూత్రం తలకిందులవుతుంది.

మూడున్నర శ్రుతి:
తలకిందులేం కాదు, అది కూడా కీ మార్చడమే! అసలు కీ అంటూ గుడి కట్టడానికే నేను వ్యతిరేకం.

సాబీ దాకా ఆగండి:
సరే, నా రెండు మెట్ల హద్దును మూడుకు సడలిస్తా. 'ఎవ్రీథింగ్'కు కాదు. అందులో సాగదీసే స్వరాలు ఎక్కువ, ఊపిరి చాలనివాళ్లను ఏ కీ కాపాడలేదు. ఇంకోటి, ఈ పాటలు ఒక్కోటి ఐదు నిమిషాలు, కొన్ని అంతకు మించి కూడా సాగుతాయి. ఆరుగురున్న గదిలో గంటకు మనిషికి రెండుకు మించి రావు. రెండో సాబీ అయ్యాక 'ఎన్సో చూషి' (వాయింపు ఆపు) బటన్ నొక్కి ఆపేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వేణువు:
'ఫస్ట్ లవ్'కు రెండో సాబీ దగ్గర ఆపితే ఆ అర స్వరం జరుగుడు రానే రాదు కదా? అలాగైతే అసలు కీలోనే పాడొచ్చు.

మూడున్నర శ్రుతి:
అది మోసం.