లోలకం ప్రాక్టికల్: జి విలువ 980 వస్తేనే ఫుల్ మార్కులా?

గాజువాక_ఫిజిక్స్: ఏ విద్యార్థి రికార్డు తెరిచినా జి (గురుత్వ త్వరణం) సరిగ్గా 980 సెం.మీ./సె². విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు, పైగా సముద్రమట్టం. ఇక్కడ అసలు విలువ 978.5 దగ్గర! 980 ఎక్కించినవాడికి పది, నిజాయితీగా 969 రాసినవాడికి ఆరు. ఇదేం మెరిట్?

లోలకం_మాస్టారు: తప్పు ఎక్కడుందో ఆ అంకే చెప్తుందండీ. 100 సెం.మీ. లోలకానికి 20 డోలనాలకు 40.2 సెకన్లు పట్టాలి. జి 1084 వచ్చిందా, స్టాప్‌క్లాక్ నొక్కుతూనే ‘ఒకటి’ అన్నాడు. ఊగింది 19, రాసింది 20. ‘సున్నా’తో మొదలెట్టాలి. 969 అయితే ముడి దాకా 99 కొలిచి, గుండు వ్యాసార్థం 1 సెం.మీ. కలపలేదు. 945 దగ్గరుంటే 30 డిగ్రీలు లాగి వదిలాడు, 5 దాటకూడదు. తన తప్పు తనే పట్టుకున్నవాడికి 969కైనా పూర్తి మార్కులు వేయొచ్చు.

ఎంవీపీ_సైన్స్: ఫ్యాన్ మరిచారు. ఉక్కగా ఉందని ఫ్యానేస్తే గుండు అడ్డంగా తిరగడం మొదలెడుతుంది. ఆ పది నిమిషాలూ చెమటే గతి.

రెండోబెంచీ: ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన 980 లేదని కోసేస్తే?

లోలకం_మాస్టారు: రీడింగులు పెన్నుతో, కొట్టివేతలతో సహా ఉంటే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. పదిలో రీడింగులకు 4, గ్రాఫుకు 3, తప్పు వివరణకు 3. పొడవుకీ ఆవర్తనకాల (ఒక డోలనానికి పట్టే కాలం) వర్గానికీ గ్రాఫు గీయించండి. వ్యాసార్థం మరిచినా వాలు మారదు, జి సరిగ్గానే వస్తుంది. గీత మాత్రం మూలబిందువు తప్పి, పొడవు అక్షాన్ని మైనస్ 1 దగ్గర కోస్తుంది. వైవాలో అడగాల్సింది ఆ ఒక్క సెంటీమీటరు గురించే. బ్యాచ్‌కో సైజు గుండు ఇస్తే కాపీ కొట్టినవాడు వెర్నియర్‌తో గుండు కొలిచే దగ్గర దొరికిపోతాడు.

సాగరతీరం: తెలిసిన అంకెకే సరిపెట్టుకునే ఈ జబ్బు పెద్దలకీ ఉంది. భౌతికశాస్త్రవేత్త మిలికన్ తైలబిందు ప్రయోగంలో గాలి స్నిగ్ధత (చిక్కదనం) కాస్త తప్పుగా తీసుకున్నాడు. ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 బదులు 1.592 (×10⁻¹⁹ కూలాంబ్) వచ్చింది. తర్వాతివాళ్ల విలువలు ఒక్కసారిగా సరికాలేదు, మెల్లమెల్లగా పెరిగాయి. మిలికన్ అంకెకు దూరంగా వస్తే తప్పు వెతికేవాళ్లు, దగ్గరగా వస్తే అంతగా వెతకలేదు. 1974లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ చెప్పిందిదే.

గాజువాక_ఫిజిక్స్: దారం ఎప్పుడు కొలవాలి?

లోలకం_మాస్టారు: గుండు వేలాడదీశాక. ముందే కొలిస్తే సాగిన మేరా తప్పే.