పై అంతస్తులో పాప గురించి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలనుకుంటున్నా, తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి

విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటామండి. పై అంతస్తువాళ్లు పదేళ్ల పిల్లని తెచ్చిపెట్టుకున్నారు. అడిగితే 'దూరపు చుట్టాలమ్మాయి' అంటారు. బడి లేదు. చంటాణ్ణి ఎత్తుకోవడం, అంట్లు తోమడం, బట్టలారేయడం అన్నీ ఆ పిల్లే. మోచేతి పైన వాతల్లాంటి మచ్చలు చూశాను. ఏమైందమ్మా అంటే ముందు తలుపు వైపు చూసి, "పడ్డానాంటీ" అంది. పడితే అలాంటి మచ్చలు పడవు.

14 ఏళ్లలోపు పిల్లల్ని ఇలా ఇంటిపనికి పెట్టుకోవడం నేరమని, హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ వర్తిస్తుందని తెలుసు. మావారు 'మనకెందుకీ గొడవ' అంటున్నారు గానీ నేను ఊరుకోలేను. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చేద్దామనే ఉంది. నా భయమల్లా, అధికారులు వచ్చేలోపు వీళ్లు పిల్లని ఎక్కడికైనా దాటిస్తే? కోపం దానిమీదే చూపిస్తే?

ఇలా ఫిర్యాదు చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఫోన్ చేశాక ఎవరొస్తారు, ఎంత త్వరగా వస్తారు? నా పేరు బయటపెట్టకుండా తీసుకుంటారా? మచ్చల ఫొటో లేకపోయినా చూసింది చెబితే చాలా? బాలల సంక్షేమ సమితి (ఇలాంటి పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చే కమిటీ) ముందు హాజరుపరిచాక పిల్లని అమ్మానాన్నల దగ్గరికే పంపుతారా, హోమ్‌లో ఉంచుతారా? ఈలోగా ఆ పిల్లతో నేనేం మాట్లాడొచ్చు, ఏం మాట్లాడకూడదు?