ఫ్లోరైడ్ నీళ్ళ ఊరి పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు వాడొచ్చా?

మర్రిగూడ ఆడబిడ్డ

అందరికీ నమస్తే. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇప్పుడు వనస్థలిపురంలో ఉంటున్నాం. పాపకు నాలుగేళ్ళు. పోయిన నెల దవడ పన్ను నొప్పి అని రాత్రంతా ఏడిస్తే పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. రెండు పాల పళ్ళు పుచ్చిపోయాయన్నారు. ఫ్లోరైడ్ లేని పిల్లల పేస్టు వాడుతున్నామని చెబితే, అది మానేసి ఫ్లోరైడ్ ఉన్నదే వాడమన్నారు.

ఆ మాట ఫోన్‌లో నాయినకు చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నీ పండ్లు అట్లయింది, నా నడుము వంగింది దాని వల్లనే గద బిడ్డా. పైసలు పెట్టి కొని పిల్ల నోట్లో పెడతవా?" అన్నాడు.

నా ముందు పళ్ళ నిండా గోధుమ రంగు గార. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చిన్నప్పుడే అలవాటైంది. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నా పళ్ళు కనిపించవు. పాప ఎండాకాలం సెలవులు రెండు నెలలూ ఊళ్ళోనే ఉంటుంది. డాక్టర్ మాట వినాలా, నాయిన మాట వినాలా? తెలిసినవాళ్ళు కారణంతో సహా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

మునుగోడు సైన్స్ మాస్టారు

అమ్మా, నేను మీ నాయిన పక్షం. ముప్ఫై ఏళ్ళు ఈ ప్రాంతంలోనే పాఠాలు చెప్పాను. తరగతిలో నలభై మంది ఉంటే తెల్లటి పళ్ళున్న పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టేవాణ్ణి. చెరువులు, చేద బావులు ఎండిపోయి లోతు బోర్లు వచ్చాక, గ్రానైటు రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళే మాకు దిక్కయ్యాయి. ఆ రాయిలోని ఫ్లోరైడ్ నీళ్ళలోకి, నీళ్ళ నుంచి ఎముకల్లోకి చేరింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి 'నల్గొండ పద్ధతి' అని పేరు వచ్చింది. మా జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది ఇలా.

నా అభ్యంతరం సూటిగా చెబుతాను. నాలుగేళ్ళ పిల్లకు పుక్కిలించి ఉమ్మడం సరిగ్గా రాదు. పైగా పిల్లల పేస్టులకు పండ్ల రుచి పెడతారు. తియ్యగా ఉంటే మింగకుండా ఎలా ఉంటుంది? పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు) దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. హద్దు పెట్టారంటే ప్రమాదం ఉందనే కదా. వేరే ఊళ్ళవాళ్ళు వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఒంట్లో ఇప్పటికే ఫ్లోరైడ్ ఉన్న మన పిల్లలకు మళ్ళీ ఎందుకు?

వేప పుల్ల

మాస్టారితో ఏకీభవిస్తున్నా. మా తాత వేప పుల్ల, కచ్చిక తప్ప ఇంకోటి ఎరగడు. ఎనభై ఏళ్ళకు కూడా చెరుకు నమిలేవాడు. పేస్టులు వచ్చాకే పుచ్చు పళ్ళు వచ్చాయి.

ప్రభుత్వ ఆసుపత్రి పళ్ళ డాక్టర్

వేప పుల్ల గారూ, మీ తాతగారికి చిన్నప్పుడు పొద్దుటే బిస్కెట్లు, మధ్యాహ్నం చాక్లెట్, రాత్రి పాల సీసా ఉండేవి కావు కదండీ. పళ్ళ మధ్య ఇరుక్కున్నదాన్ని పుల్ల బాగానే తీస్తుంది, కాదనను. కచ్చిక, బొగ్గు మాత్రం పంటి మీది పొరను గీకేస్తాయి. చిగుళ్ళు దిగిపోయి, పళ్ళ మొదళ్ళు అరిగిపోయి వచ్చే పెద్దవాళ్ళను వారంలో ఇద్దరు ముగ్గురినైనా చూస్తాను. తినేది మారాక తోమేది ఒక్కటే పాతది ఉంచుకుంటే సరిపోదు.

ఇక మాస్టారూ. ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళకు గార పట్టేది పన్ను చిగురులోపల తయారయ్యే రోజుల్లోనే. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా మింగిన ఫ్లోరైడ్ రక్తంలో కలిసి, పుడుతున్న పంటిని పాడుచేస్తుంది. పేస్టులోని ఫ్లోరైడ్ పనిచేసే చోటు వేరు, బయటికి వచ్చిన పంటి పైపొర మీద. తీపి తిన్నాక నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లానికి పైపొరలోని ఖనిజం కరుగుతుంది. నోట్లో కొద్దిగా ఫ్లోరైడ్ ఉంటే, కరిగింది మళ్ళీ గట్టిపడుతుంది. దీనికి మింగాల్సిన పనే లేదు.

వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2003 సమీక్షలో డెబ్బై పరీక్షల ఫలితాలను కలిపి చూశారు. ఫ్లోరైడ్ పేస్టు వాడిన పిల్లల్లో పుచ్చు సగటున 24 శాతం తగ్గింది. 2010 నాటి కాక్రేన్ సమీక్షలో ఇంకో సంగతి తేలింది. 1000 పీపీఎం, అంతకు మించిన పేస్టులకే గట్టి ఆధారం ఉంది, బాగా తక్కువ మోతాదు పేస్టులతో తేడా స్పష్టంగా కనిపించలేదు.

మోతాదు లెక్క వేద్దాం. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. శనగ గింజంత పేస్టు పావు గ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా అర మిల్లీగ్రాము. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు తాగుడు, వంట కలిపి రోజుకు లీటరు లోపలికి వెళ్తే 3 మిల్లీగ్రాములు. ఆరు రెట్లు. భయపడాల్సింది నీళ్ళకు.

మునుగోడు సైన్స్ మాస్టారు

డాక్టర్ గారూ, లెక్క ఒప్పుకుంటాను. మీరు ఆపిన చోటి నుంచి నేను కొనసాగిస్తాను.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు కిలో బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని పైహద్దు చెబుతారు. పదిహేను కిలోల పాపకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. బోరు నీళ్ళు తాగితే ఆ పాప పేస్టు ముట్టకముందే హద్దు దాటేసింది. దాటినదాని మీద ఇంకో అర మిల్లీగ్రాము ఎందుకు వెయ్యాలి? ఇంకో మాట. శనగ గింజంత అని మీరు ఆసుపత్రిలో చెబుతారు. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడవునా వంకీ తిప్పి పేస్టు పెడతారు. ఇళ్ళలో జరిగేది అదే. ఒక గ్రాము అనుకోండి, రెండు పూటలా మింగితే 2 మిల్లీగ్రాములు. అప్పుడు పేస్టు చిన్న విషయం కాదు. తోటి ఉపాధ్యాయుల ఇళ్ళలోనే పిల్లలు తలుపేసుకుని ఒంటరిగా తోముకోవడం చూశాను.

దర్శి పెద్దాయన

మా వైపు సంగతి కూడా చెప్పనివ్వండి. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లో మొదట రాసింది మా ప్రాంతం చూసే. అప్పుడు మాది మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లా. ఇన్నేళ్ళయినా మా ఇళ్ళలో మారనిది ఒకటుంది. తాగడానికి ప్లాంటు నీళ్ళ టిన్ను తెస్తారు, అన్నం, పప్పు, టీ మాత్రం బోరు నీళ్ళతోనే. కాచితే పోతుంది అనుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. దానికితోడు టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

అమ్మాయీ, పేస్టు సంగతి తర్వాత. మీ ఊళ్ళో వంట ఏ నీళ్ళతో చేస్తున్నారో ముందు కనుక్కో.

డాలస్ నుంచి

ఇక్కడ కూడా ఫ్లోరైడ్ మీద పెద్ద గొడవే నడుస్తోంది. వాట్సాప్‌లో దాన్ని చూసి మన ఊళ్ళలో కొందరు పేస్టు మానేస్తున్నారు, అందుకే రాస్తున్నా. అమెరికాలో నీళ్ళలో ఫ్లోరైడ్ కావాలనే కలుపుతారు. 1945 జనవరిలో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో మొదలుపెట్టారు. ఇప్పుడు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు కలపమంటారు. 2025లో యూటా రాష్ట్రం అలా కలపడాన్ని నిషేధించింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల తెలివితేటల కొలతలు తక్కువగా ఉంటున్నాయని 2024లో ఇక్కడి ప్రభుత్వ సంస్థ నివేదిక ఇచ్చింది. ఫ్లోరైడ్ పేస్టు అందరూ వాడుతున్న ఈ రోజుల్లో నీళ్ళలో కలపడం వల్ల లాభం తక్కువేనని అదే ఏడాది కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఈ వాదనంతా నీళ్ళ మీద. పేస్టు వద్దని ఆ రెండింటిలో ఏదీ చెప్పలేదు.

ప్రభుత్వ ఆసుపత్రి పళ్ళ డాక్టర్

మాస్టారూ, బ్రష్ మీద పేస్టు పెట్టే తీరు గురించి మీరన్నది నిజం. మేం చీటీ మీద పేస్టు పేరు రాస్తాం, ఎంత పెట్టాలో వేలి మీద పెట్టి చూపించం. ఆ తప్పు మాది.

హద్దు దాటిన పాప సంగతి మీరడిగారు. నీళ్ళు మార్చే వీలు అసలే లేని ఇంట్లో, ఉమ్మడం రాని పిల్లకు నేనైనా ఇంట్లో పేస్టు బదులు మూడు నాలుగు నెలలకోసారి ఆసుపత్రిలో ఫ్లోరైడ్ వార్నిష్ పూయించమంటాను. పంటికి అంటుకుని ఉంటుంది, లోపలికి పోయేది తక్కువ. కానీ ఈ పాప ఏడాదిలో పది నెలలు నగరంలో ఉంటోంది. నాలుగేళ్ళకే రెండు పళ్ళు పుచ్చాయి. పాల పళ్ళే కదా అని వదిలేస్తే చీము పట్టి, కింద తయారవుతున్న అసలు పంటిని కూడా పాడుచెయ్యొచ్చు.

అమ్మా, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. పాప రాత్రి ఏం తాగి పడుకుంటుంది? స్వీడన్‌లోని విపెహోమ్‌లో 1940ల్లో ఆసుపత్రిలో ఉంచిన బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకు కావాలని జిగురు మిఠాయిలు తినిపించి పరీక్షించారు. మనుషుల మీద అలా చెయ్యడం ఘోరం. అందులో తేలింది మాత్రం కాదనలేం. అదే తీపి అన్నంతో పాటు తింటే పుచ్చు తక్కువ, మధ్యమధ్యలో ఊరికే తింటూ ఉంటే చాలా ఎక్కువ.

మర్రిగూడ ఆడబిడ్డ

డాక్టర్ గారూ, చక్కెర వేసిన పాల సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుంది. నిజం చెప్పాలంటే అది మానిపించే ఓపిక నాకు లేక వదిలేశాను. నేనే చేశానన్నమాట.

చింతపండు పులుసు

అక్కా, నిన్ను నువ్వు తిట్టుకోకు. మా ఇంట్లో కూడా అదే కథ. ఒక మంచి మాట చెబుతా. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందట, 2002లో అచ్చయింది. మన చారు, పులుసు మానకండి. నీళ్ళు బాగుచేసుకోకుండా దీన్నే నమ్ముకోమని కాదు.

మర్రిగూడ ఆడబిడ్డ

మూడు వారాల తర్వాత రాస్తున్నా. దర్శి పెద్దాయన గారి మాట పట్టుకుని ఊరికి వెళ్ళాను. మిషన్ భగీరథ కింద ప్రభుత్వం ఇచ్చిన మంచినీళ్ళ నల్లా ఇంట్లోనే ఉంది. కానీ ఆ నీళ్ళకు మందు వాసన వస్తుందని అమ్మ పప్పుకూ చాయ్‌కీ పెరట్లో బోరు నీళ్ళే వాడుతోంది. "పప్పు ఆ నీళ్ళల్లనే మంచిగ ఉడుకుతది" అంటుంది. రెండూ వేరువేరు ప్లాస్టిక్ సీసాల్లో పట్టి పరీక్షకు ఇచ్చాను. నల్లా నీళ్ళు లీటరుకు 0.4. బోరు 2.6. మన ప్రమాణాల్లో 1.0 మంచిదట, వేరే దారి లేకపోతే 1.5 దాకా.

నాయిన ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. బోరు మోటరు స్విచ్ దగ్గర "వంటకు వద్దు" అని ఆయనే సుద్దముక్కతో రాశాడు. నల్లా నీళ్ళు రాత్రి మూత లేని బిందెలో పట్టి ఉంచితే పొద్దుటికి వాసన తగ్గింది, అమ్మ దాంతోనే చాయ్ పెట్టింది.

పాపకు ఫ్లోరైడ్ పేస్టు మొదలుపెట్టాను. శనగ గింజంత నేనే పెడతాను, తోమేది కూడా నేనే, ట్యూబు పై అరలో. సీసాలో పాలు తగ్గిస్తూ నీళ్ళు పెంచుతున్నాను. మొదటి నాలుగు రాత్రులు నరకం, ఇప్పుడు ఫర్వాలేదు. మాస్టారూ, మీకు నచ్చకపోవచ్చని తెలుసు. ఊళ్ళో ఉండే రెండు నెలలూ పేస్టు ఆపి, వెళ్ళేముందు వార్నిష్ పూయిద్దామనుకుంటున్నా.

మునుగోడు సైన్స్ మాస్టారు

నల్లా నీళ్ళే వాడితే ఆపాల్సిన అవసరం కూడా లేదమ్మా, 0.4 అంటే మంచి నీళ్ళు. నా అనుమానం పూర్తిగా పోలేదు, ఉమ్మడం వచ్చేదాకా పక్కన నిలబడు. ఆ సీసాలు ఎక్కడ ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో కాగితం ఇస్తారో ఇక్కడ రాయి. మా వాడలో పద్నాలుగు ఇళ్ళకు బోర్లున్నాయి, వాటి నీళ్ళన్నీ పట్టిస్తాను.